రెండు గీతలూ, నా బొరుగులూ

చేతులు ఊపుకుంటూ ఎవరి గడపా తొక్కకూడదని మా అవ్వ చిన్నప్పుడే మా బుర్రల్లోకి ఎక్కించింది. పసిబిడ్డలున్న ఇంటికైనా, ముసలివాళ్ళున్న ఇంటికైనా, ఆవు ఈనిన ఇంటికైనా ఏదో ఒకటి చేతిలో ఉండాల్సిందే. రెండు అరటిపండ్లో, గుప్పెడు బొరుగులో. ఏమీ లేకపోతే పెరట్లోని కరివేపాకు రెబ్బయినా సరే. మా తాత కోలారు బంగారు గనుల ఆఫీసులో గుమాస్తా. ఆ గనుల పక్కన ఊరిగాంలో ఉన్నన్నాళ్ళూ పైఅధికారి ఇంటికి పోయినా, గనిలో దిగేవాళ్ళ ఇంటికి పోయినా ఆయన చేతిలో ఏదో ఒక పొట్లం ఉండేదట. గనులు మూతపడ్డాయి, తాతా పోయాడు, అవ్వా పోయింది. ఆ బుద్ధి మాత్రం నన్ను వదల్లేదు. మంచి బుద్ధే, కాదని ఎవరంటారు? కానీ ఆ మంచి బుద్ధే ఒకరి కొంప ముంచింది. ఆ మంట నాకు ఇప్పటికీ చల్లారలేదు.

నేను కోలారు దగ్గర ఒక కాలేజీలో యానిమల్ హౌస్ చూసుకుంటాను. ప్రయోగాల కోసం పెంచే తెల్ల చుంచెలుకలు, కుందేళ్ళు ఉంటాయి అక్కడ. వాటి గూళ్ళు కడగాలి, కింద పరిచే పొట్టు మార్చాలి, నీళ్ళ సీసాలు నింపాలి, మేత తూకం వేసి పెట్టాలి. బీఎస్సీ చదివి ఎలుకల పెంట ఎత్తుతోందని మా అత్త చుట్టాల ముందు అంటుంది. అననీ. ఆమెకేం తెలుసు, మూతపడ్డ గనుల పక్క కోరమండల్‌లో ఇల్లు వదిలి, ఆటోలో ఆండర్సన్‌పేట దాటి, బస్టాండులో బస్సు పట్టుకుని, బంగారుపేట రైలు గేటు దగ్గర దేవుడికి దండం పెట్టుకుంటూ తొమ్మిదిన్నరకు కోలారు చేరడం ఎంత బాధో. గేటు పడకపోతే నా అదృష్టం. పడితే అరగంటో, గంటో, రైలు దయ.

ఒక కుర్రాడు మా దగ్గరికి పీహెచ్‌డీ చెయ్యడానికి వచ్చాడు. ములబాగలు వైపు పల్లె. ఇంట్లో టమోటా పండిస్తారు, రెండు ఆవులున్నాయి. వాళ్ళింట్లో డిగ్రీ దాటినవాడు అతనొక్కడే. గైడుతో కన్నడ, కాగితాల మీద ఇంగ్లీషు, నాతో మాత్రం మా తెలుగు. కొడుకు డాక్టరవుతున్నాడని వాళ్ళ నాయన ఊరంతా చెప్పుకున్నాడట. ఏ డాక్టరో ఊరికేం పట్టింది? పండగకని పోతే పక్కింటివాళ్ళు పొదుగు వాచిన ఆవును తోలుకొచ్చి చూడమన్నారని చెప్పి ఒకటే నవ్వు. నన్ను మొదటి రోజు నుంచీ అక్కా అనేవాడు.

అతని పని వింటే కథలాగా ఉండేది. రెండు జీవాలు ఒకదానితో ఒకటి మెలిగేటప్పుడు, వాసన చూసుకునేటప్పుడు, ఒకదాని వెనక ఒకటి తిరిగేటప్పుడు, రెండింటి మెదళ్ళలోని కదలిక కలిసి లేస్తుందట, కలిసి పడుతుందట. చుంచెలుకల్లోనూ, గబ్బిలాల్లోనూ, మనుషుల్లోనూ చూసినవాళ్ళున్నారట. కొత్తగా కలిపిన జతకు ఆ కలయిక రోజురోజుకూ ఎలా కుదురుతుందో చూడాలని ఇతని ఆశ. ఎలుకల తలల మీద చింతగింజంత పరికరం అమర్చి, రెండింటినీ ఒక గాజు పెట్టెలో వదులుతాడు. తెర మీద ఒకదానిది ఎర్ర గీత, ఇంకోదానిది నీలి గీత. పొద్దున రెండింటినీ కలిపి ఒక గంట. మధ్యాహ్నం నడుమ అట్ట అడ్డం పెట్టి ఒక గంట. పొద్దున గీతలు కలిసి, మధ్యాహ్నం విడిపోయాయంటే, ఆ కలవడం వాటి స్నేహం వల్లేనని తేలినట్టు. ఎప్పుడూ పొద్దునే ఎందుకు కలపాలి, ఒక్కసారి తారుమారు చేసి చూద్దామని అతనికీ తట్టలేదు, అతని గైడుకూ తట్టలేదు. అంతంత చదువులు చదివినవాళ్ళకు తట్టనిది ఎలుకల ఆయాకు తట్టాలా? నన్నెవరు అడిగారు?

యానిమల్ హౌస్ తలుపు మీద ఒక బోర్డు ఉంటుంది. బయటి తిండి ఏదీ పెట్టరాదని కన్నడలోనూ ఇంగ్లీషులోనూ రాసి ఉంటుంది. వారానికోసారి ఆ బోర్డు తుడిచేది నేనే. కంచే చేను మేసిందంటారే, ఆ కంచెను నేను. వాటి ముందుకు ఉత్త చేతుల్తో పోవడానికి నాకు మనసొప్పేది కాదు. తల మీద బరువు మోసుకుంటూ మనకోసం గంటసేపు గాజు పెట్టెలో తిరిగే జీవాలు, వాటికి ఒక బొరుగు గింజ పెడితే ఏం మునిగిపోతుంది? సంచిలో ఒక చిన్న ప్లాస్టిక్ కవరులో బొరుగులు పెట్టుకుని వచ్చేదాన్ని. నేను వచ్చేసరికే అతను తొమ్మిదింటి రికార్డింగు మొదలుపెట్టి ఉంటాడు, హాస్టల్లోనే ఉంటాడు కదా. నేను పక్క గదిలో సంచి దించి, కవరు విప్పి, బొరుగులు కొంగులో ముడేసుకుని నా పనిలో పడతాను. రికార్డింగు అయ్యాక ఎలుకల్ని గూట్లోకి మార్చేది నేనే. అతను కంప్యూటరులోకి తల దూర్చి ఉంటాడు. అప్పుడు చెరొక బొరుగు. అది రెండు చేతుల్తో పట్టుకుని, మీసాలు ఆడిస్తూ కొరుకుతుంటే నాకు కడుపు నిండిపోయేది. ఎన్ని జతలు మారినా ఈ మర్యాద తప్పలేదు. మధ్యాహ్నం నేను కుందేళ్ళ వైపు ఉంటాను, అప్పుడు బొరుగులు లేవు.

ప్రతి కొత్త జతకూ మొదటి నాలుగు రోజులు ఎర్ర గీత దారి దానిది, నీలి గీత దారి దానిది. తర్వాత మెల్లగా దగ్గరయ్యేవి. పదో రోజుకు ఒకటి ఎక్కితే ఇంకొకటి ఎక్కేది, ఒకటి దిగితే ఇంకొకటి దిగేది.

"చూడక్కా, పది దినాలకి ఎట్ల కలిసిపోయినాయో. సొంత అక్కచెల్లెళ్ళు కూడా ఇట్లుండరు" అనేవాడు.

నేనూ చీపురు పక్కన పెట్టి చూసేదాన్ని. నిజం చెప్పొద్దూ, నాకూ కళ్ళు చెమర్చేవి. మూడేళ్ళు అలా గడిచాయి. థీసిస్ రాయడం మొదలుపెట్టాడు. ఇంకో రెండు నెలల్లో ఇచ్చేస్తే అయిపోయినట్టే. అతని స్కాలర్‌షిప్ గడువు కూడా అప్పటితోనే సరి.

చివరి జత దగ్గర వచ్చింది చిక్కు. అంతకుముందు ఎప్పుడో ఒక రోజు గీతలు చెడితే వైరు తప్పని పక్కన పెట్టేసేవాడు, ఈసారి వరసగా పట్టుకుంది. ఒక రోజు గేటు పడి నేను పదిన్నరకు చేరాను. అతను మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. పన్నెండో రోజు జత, గీతలు ఎడమొహం పెడమొహంగా ఉన్నాయి. వైరు ఊడిందేమోనని మధ్యాహ్నమంతా పరికరాలు విప్పి చూశాడు. ఇంకో వారంలో బస్సు టైరు పంచరైంది, మళ్ళీ అదే కథ. ఎలుకలు రాత్రి పోట్లాడుకున్నాయేమో అన్నాడు. నాక్కూడా అప్పటికేమీ తోచలేదు.

మూడోసారి గేటు దగ్గరే తోచింది. బస్సు కిక్కిరిసి ఉంది. ఎవరి గొడవ వాళ్ళది. కొందరు ఫోనులో, కొందరు కునుకులో, ఒకావిడ ఒళ్ళో కనకాంబరాలు పెట్టుకుని కడుతోంది. నా ముందు ఇద్దరు కిటికీ సీటు కోసం బంగారుపేట వరకూ పోట్లాడుకుంటూనే ఉన్నారు. రైలు పోయింది. గేటు లేచే చప్పుడు వినబడింది. బస్సులోని తలకాయలన్నీ ఒక్కసారి లేచాయి. పూలు కట్టే ఆవిడ చెయ్యి ఆగింది, కునికేవాడు కళ్ళు తెరిచాడు, పోట్లాడుకునేవాళ్ళు నోళ్ళు మూసుకుని ఇద్దరూ ముందుకే చూశారు. వీళ్ళలో ఎవరికీ ఒకరితో ఒకరికి స్నేహమూ లేదు, పాడూ లేదు. అందరూ ఒకే చప్పుడు కోసం కాచుకుని ఉన్నారు, అంతే. నా సంచిలో బొరుగుల కవరు గరగరమంది. సంచి నోరు గట్టిగా మూసి పట్టుకున్నాను.

నమ్మాలనిపించలేదు. మర్నాడు గేటు పడలేదు, తొమ్మిదిన్నరకే చేరాను. లోపలికి పోలేదు. సైకిళ్ళు పెట్టే రేకుల షెడ్డు పక్కన ఎండలో కూర్చున్నాను, పదిన్నర దాకా. వాచ్‌మన్ వచ్చి ఒళ్ళు బాగాలేదా అమ్మా అని అడిగితే, బాగానే ఉంది నీ పని చూసుకో అని కసిరాను. పాపం, అతనేం చేశాడు? పదిన్నరకు లోపలికి పోయాను.

"ఈ పొద్దు కూడా కలవలేదక్కా" అన్నాడు అతను, నేను అడగకముందే.

చెప్పాలి. చెప్పాలంటే వింటేనా? ఎప్పుడు చూసినా టైపు కొడుతూ ఉంటాడు.

"అప్పా, ఒక మాట చెప్పాల" అన్నాను.

"చెప్పక్కా, రవంత బిరీన. సారు మూడో చాప్టరు అడిగినాడు."

"నేను ఆలస్యంగా వచ్చిన దినాలే నీ గీతలు కలవలా. చూసుకో."

నవ్వాడు. "నువ్వు లేకపోతే నాకే తోచదు, ఇంగ వాటికేం తోస్తాది?" అని మళ్ళీ టైపు కొట్టుకోసాగాడు. నేను బయటికి వచ్చేశాను. అతని మీద కోపం వచ్చింది. చెప్పలేని నా నోటి మీద అంతకంటే ఎక్కువ వచ్చింది. ఉద్యోగం పోతుందన్న భయం కూడా ఉంది, దాచుకోవడమెందుకు? బోర్డు తుడిచే చేత్తోనే తిండి పెట్టిన దాన్ని ఎవరుంచుకుంటారు? అలా ఒక వారం నానబెట్టాను. ఆ వారంలో అతను ఇంకో చాప్టరు రాశాడు.

చివరికి ఒక మధ్యాహ్నం అతని కీబోర్డు మీద నా చెయ్యి పెట్టేశాను.

"నేను వాటికి బొరుగులు పెడతా ఉండాను. మూడేండ్లుగా. దినమూ."

అతను కుర్చీ నా వైపు తిప్పాడు. "ఎన్ని?"

"చెరొకటి."

"చెరొకటే కదక్కా. ఒక గింజకి ఏమయితాది?"

"గింజకి కాదప్పా. కవరు చప్పుడుకి. నేను వస్తానే రెండూ మూతులెత్తుకోని తలుపు దిక్కు చూస్తాయి. ఒకదాన్నొకటి చూసుకునేది లేదు. నీ దగ్గర వీడియోలు ఉండాయి కదా, తీసి చూడు."

తీశాడు. ఒకటి, రెండు, పది. ఏ జతదైనా సరే, తొమ్మిదిన్నరకు పక్క గదిలో కవరు గరగరమనగానే రెండు తెల్ల మూతులూ గాజుకు ఆనించి తలుపు వైపే. మూడేళ్ళుగా ఆ వీడియోలు అతని దగ్గరే ఉన్నాయి. గీతలు చూడ్డంలో పడి ఎలుకల్ని చూడలేదు. ఆ మాట నోటి దాకా వచ్చింది కానీ అనలేదు. అనే హక్కు నాకెక్కడిది?

అప్పటికీ అతను ఆశ వదులుకోలేదు. కొత్త జతను తెచ్చి, నన్ను ఆ వైపే రావద్దన్నాడు. అతనే గూళ్ళు కడిగాడు, అతనే మేత పెట్టాడు. పదిహేను రోజులు. ఆ పదిహేను రోజులూ నేను కుందేళ్ళ దగ్గర కూర్చుని, ఆ గీతలు కలవాలని కనబడిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. నేను చెప్పింది అబద్ధం కావాలని మొక్కుకోవడం నా బతుకులో అదే మొదలు.

శుక్రవారం సాయంత్రం బయటికి వచ్చి మెట్టు మీద కూలబడ్డాడు. "నువ్వు చెప్పిందే అక్కా. కలవలా."

"తిట్టప్పా నన్ను" అన్నాను.

తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండు. "మా నాయన దినమూ ఫోను చేసి ఇంగెన్ని దినాలు అంటా ఉండాడు" అన్నాడు. లేచి ప్యాంటు దులుపుకుంటూ, "సోమవారం సారుకి నేనే చెప్తా. నువ్వు నోరు తెరవొద్దు" అన్నాడు.

నేనేం అనుకున్నానంటే, నిజం చెప్పేస్తాడని. తన నోటితో తనే చెబుతాడు, నేను చాటున దాక్కోకుండా అవును సార్, తప్పు నాదేనని ఒప్పుకోవాలి, అతని మీద మాట పడకూడదు. శని, ఆదివారాలు రెండు రోజులూ అదే వల్లె వేసుకున్నాను. అన్నంలో ఉప్పు రెండుసార్లు వేశానని మా ఆయన విసుక్కున్నాడు. వేస్తాను మరి, మనసక్కడుంటేనా?

సోమవారం అతను ముందుగా గైడు గదిలోకి పోయాడు. పావుగంట తర్వాత నన్ను పిలిచారు. గైడు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, కన్నడలో అడిగాడు. "కొత్త జతకు గీతలు కలవడం లేదంటున్నాడు. నిజం చెప్పమ్మా, నువ్వు వాటికి తిండీ గిండీ ఏమైనా పెట్టావా?"

"లేదు సార్" అన్నాడు అతను.

"పెట్టినాను సార్" అన్నాను నేను.

ఇద్దరం ఒకే ఊపిరిలో అన్నాం. ఎవరు ముందో ఎవరు వెనకో చెప్పలేనంతగా. గైడు అతని వైపు చూశాడు, నా వైపు చూశాడు. అతను నా వైపు చూడలేదు. నాకప్పుడు తెలిసింది, బొరుగుల సంగతి అతను చెప్పనేలేదని. గీతలు కలవడం లేదని మాత్రం చెప్పి ఊరుకున్నాడు. నోరు తెరవొద్దు అంటే నిజంగానే తెరవొద్దని. అంత తేలిక మాట నా మట్టి బుర్రకు ఎక్కలేదు.

ఇంక ఏముంది? అన్నీ బయటపడ్డాయి. పాత రికార్డింగులు ఒక్కటీ పనికిరావు, మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి, తక్కువలో తక్కువ ఏడాదిన్నర పడుతుంది అన్నాడు గైడు. స్కాలర్‌షిప్ అయిపోయాక ఆ ఏడాదిన్నర ఏం తిని చేస్తాడో గైడు చెప్పలేదు. అబద్ధమాడినందుకు ఇంకో నాలుగు మాటలు పడ్డాయి అతనికి. "సరే సార్" అని ఒక్క మాట అని బయటికి నడిచాడు. వరండాలో వెనకే పరుగెత్తాను. "ఇప్పుడు కాదక్కా" అన్నాడు. వారం తిరక్కుండానే బల్ల ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. నేను ఆ రోజు కూడా గేటు దగ్గర ఇరుక్కుని ఆలస్యంగానే చేరాను.

నన్ను తీసేస్తారని ఎదురుచూశాను. ఇంట్లో చెప్పేశాను కూడా. తీసెయ్యలేదు. ఒక హెచ్చరిక కాగితం ఇచ్చి, సంతకం పెట్టించుకుని, "ఈ పనికి మనుషులు దొరకడం కష్టమమ్మా, ఇక మీద జాగ్రత్త" అన్నాడు గైడు. అంతే. అంతే! మూడేళ్ళ పని ఒకడి చేతిలోంచి జారిపోతే, దానికి కారణమైన దానికి ఒక కాగితం. ఆ కాగితం చించి ఎవరి మొహాన కొట్టాలో తెలియక మడిచి సంచిలో పెట్టుకున్నాను.

మొన్న కోలారు బస్టాండులో కనబడ్డాడు. కాస్త ఒళ్ళు చేశాడు. ములబాగలులో పిల్లలకు ట్యూషన్ సెంటరులో సైన్సు చెబుతున్నాడట. అక్కా అనే పిలిచాడు. ఇద్దరం టీ తాగాం. వాళ్ళ నాయన బాగున్నాడని, ఈసారి టమోటాకు ఆకుముడత తగిలిందని చెప్పాడు. నేను ఉండబట్టలేక అడిగేశాను.

"ఆ దినం లేదని ఎందుకన్నావప్పా? నీ థీసిస్ కోసమా?"

"థీసిస్సా? అది శుక్రవారమే పోయింది కదక్కా. ఇంగో ఆరు నెలలు గడువు అడిగి, ఎట్లనో ఒకట్ల చేద్దామనుకున్నా. వైరుదో, మిషనుదో తప్పు అని చెప్తే సారు ఇప్పిచ్చేవాడు. బొరుగులని తెలిస్తే నిన్ను పనిలోంచి తీసేస్తారు కదా, అందుకని చెప్పలా." గ్లాసు కింద పెట్టి, చొక్కా చేతులు సర్దుకున్నాడు. "పోనీలే అక్కా, అయిపోయిందేదో అయిపోయింది. నాకు మనసులో ఒగటే ఉండిపోయింది, నాతో కలిసి నీ పని కూడా పోయినాది కదా అని. ఇప్పుడు యాడ చేస్తా ఉండావు?"

అతను నిజంగానే అడుగుతున్నాడు. నా జవాబు కోసం చూస్తున్నాడు.

"ఆడనే" అన్నాను.